పిల్లలున్న ఇంట్లో అమ్మానాన్నలు నేర్చుకోవాల్సిన రిపేర్లు: ఏది ముందు, ఏది ముట్టుకోకూడదు?

చిన్నింటి_పని:
అందరికీ నమస్కారం. రెండేళ్ల పాప, ఆరేళ్ల బాబు ఉన్న అపార్ట్‌మెంట్ ఇల్లు. కుళాయి కారడం, ప్లగ్గు కాలడం, తలుపు బందు ఊగడం లాంటివాటికి ప్రతిసారీ మనిషి కోసం ఎదురుచూడకుండా సొంతంగా చేసుకోవడం నేర్చుకోవాలి. మా ఇద్దరిలో ఎవరికీ స్క్రూడ్రైవర్ పట్టిన అలవాటు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ సామాను కొనాలి? ఏ పని మనది కాదు? దయచేసి కొలతలతో సహా చెప్పండి. "జాగ్రత్తగా చేయండి" అంటే మాలాంటివాళ్లకు ఏమీ అర్థం కాదు.

తీగె_తోరణం:
బిగించడం తర్వాత, ఆపడం ముందు నేర్చుకోండి. ఇంట్లో నాలుగు చోట్ల ఆపడం తెలియాలి: కరెంటు మెయిన్, ఇన్వర్టర్, నీళ్ల వాల్వు, గ్యాస్ రెగ్యులేటర్. ఆపడం మీ ఇద్దరికీ రావాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకూ రావాలి. చీకట్లో చెయ్యి పెడితే దొరికేలా ఉండాలి.

మన ఇళ్లలో ఎక్కువమంది మరిచిపోయేది ఇన్వర్టర్. మెయిన్ దించేసి "కరెంటు లేదు" అనుకుని బోర్డు విప్పుతారు. మెయిన్ పోయిందనుకుని ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి అవే ఫ్యాన్లకూ లైట్లకూ 230 వోల్టులు పంపుతూనే ఉంటుంది. కాబట్టి మెయిన్ దించాలి, ఇన్వర్టర్ ముందువైపున్న స్విచ్ కూడా ఆపాలి, ఆ తర్వాత టెస్టర్ పెట్టాలి.

టెస్టర్‌కీ ఒక వరుస ఉంది. కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి అది వెలుగుతోందో లేదో ముందు చూడండి. తర్వాత మీరు పనిచేసే చోట చూడండి. మళ్లీ కరెంటు ఉన్న చోటికి వెళ్లి చూడండి. మధ్యలో టెస్టర్ బల్బే పోతే వెలగని టెస్టర్ చూసి కరెంటు లేదనుకుంటాం. మొదటా చివరా చూసుకోమనేది అందుకే.

ఇక డీబీ పెట్టె (ఇంట్లో గదులకు కరెంటు పంచే స్విచ్‌ల పెట్టె) తెరిచి చూడండి. వరుసగా ఉండే చిన్న స్విచ్‌లు ఎంసీబీలు. ఇవి వైరును కాపాడతాయి, మనిషిని కాదు. వాటి పక్కన కాస్త వెడల్పుగా, ‘టి’ అక్షరం ఉన్న బటన్‌తో ఇంకొకటి ఉందా? అది ఆర్‌సీసీబీ. మనిషిని కాపాడేది అదే. దాని మీద 30 మిల్లీఆంపియర్లు అని ఉండాలి. 100 అనో 300 అనో ఉంటే అది ప్రాణరక్షణకు పనికొచ్చేది కాదు. నెలకోసారి కరెంటు ఉన్నప్పుడే ఆ బటన్ నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే అదే రోజు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మార్పించండి. అసలు లేకపోతే మీ డబ్బు ముందు దానికే పెట్టండి, డ్రిల్లు మెషిన్ తర్వాత కొనొచ్చు.

చిన్నింటి_పని:
ఆర్‌సీసీబీ ఉంది. ఇన్వర్టర్ పెట్టినప్పటి నుంచి ఊరికే పడిపోతోంది. తీసేసి నేరుగా కలిపేయొచ్చని ఒకరు సలహా ఇచ్చారు. మంచిదేనా?

తీగె_తోరణం:
వద్దండీ, ఆ పని మాత్రం చేయించకండి. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని ఆర్‌సీసీబీ పోల్చి చూస్తుంది. ఇన్వర్టర్ బిగించేటప్పుడు కొన్ని గదుల ఫేజును మాత్రమే విడదీసి, న్యూట్రల్‌ను పాతదానితోనే కలిపి వదిలేస్తే వెళ్లిన దారి ఒకటి, వచ్చిన దారి ఇంకొకటి అవుతుంది. లెక్క తప్పిందని అది పడిపోతుంది. ఇన్వర్టర్ మీద నడిచే గదులకు న్యూట్రల్ కూడా విడిగా వేయించాలి. లైసెన్సు ఉన్నవాళ్లకు "ఇన్వర్టర్ న్యూట్రల్ వేరు చేయండి" అని చెబితే అర్థమవుతుంది. ఆ పని మీరు చేయకూడదు.

ఇంకొకటి తెలిసి ఉండాలి. ఒక వేలు ఫేజు మీద, ఇంకో వేలు న్యూట్రల్ మీద పడితే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు, ఎందుకంటే దాని లెక్కలో తేడా రాదు. అందుకే పిల్లలున్న ఇంట్లో సాకెట్‌కు లోపల షట్టర్ ఉండాలి. పొడవైన ఎర్త్ పిన్ను పైరంధ్రంలోకి వెళ్తేనే కింది రెండు రంధ్రాలూ తెరుచుకునే రకం అది. ఏ పిన్నయినా పట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో చాలావాటికి ఈ షట్టర్ ఉండదు. అవి నేల మీద ఉంచవద్దు. సాకెట్‌కు పెట్టే ప్లాస్టిక్ మూత గోరుతో లాగితే వచ్చేంత చిన్నదైతే పిల్లల నోట్లోకి పోతుంది, కొనకండి.

మీరు చేసుకోగలిగేది మూడు పిన్నుల ప్లగ్గు మార్చడం. పాత ప్లగ్గు కోసేశాక పై తొడుగు 4 సెం.మీ. తీయండి. లోపలి మూడు వైర్లలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు చారది ఎర్త్. పాత వైరైతే ఎరుపు, నలుపు, పచ్చ. ప్లగ్గు లోపల ఎల్, ఎన్, ఈ అక్షరాలుంటాయి: ఎల్‌కు ఫేజు, ఎన్‌కు న్యూట్రల్, పెద్ద పిన్నుకు ఎర్త్. ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా 1 సెం.మీ. పొడవు వదలండి. ఎవరైనా వైరు పట్టుకుని లాగితే ఫేజు ముందు ఊడాలి, ఎర్త్ చివరికి ఊడాలి. రాగి పోగులు 8-10 మి.మీ. తేల్చి, మెలిపెట్టి, స్క్రూ బిగుసుకునే దిక్కుగానే చుట్టండి. ఎదురు దిక్కుగా చుడితే బిగించేకొద్దీ పోగులు బయటికి తన్నుకొస్తాయి. ఒక్క పోగు పక్క స్క్రూను తాకినా షార్టే. చివరగా ప్లగ్గులోని పట్టీ లోపలి వైర్ల మీద కాక పై తొడుగు మీద పడేలా బిగించండి. కాలిపోయే ప్లగ్గుల్లో చాలావాటికి అసలు జబ్బు ఈ పట్టీ బిగించకపోవడం, స్క్రూ వదులుగా ఉండడం.

2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గే వాడాలి. 6 ఆంపియర్ల కన్వర్టర్ (పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్‌కు కలిపే ముక్క) పెట్టి నడిపితే సాకెట్ కరుగుతుంది.

కుళాయి_మర:
నీళ్ల సంగతి నేను చెబుతాను. కారే కుళాయి రెండు రకాలు. మూడు నాలుగు చుట్లు తిప్పితే గానీ కట్టని పాత రకంలో లోపల రబ్బరు వాషర్ అరిగి ఉంటుంది. పావు చుట్టుకే కట్టేసే కొత్త రకంలో రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. వాటి మధ్య ఇసుక రేణువు పడి గీత పడితే ఎంత గట్టిగా తిప్పినా బొట్టు ఆగదు. గట్టిగా తిప్పితే హ్యాండిల్ విరుగుతుంది, అంతే.

పని వరుస ఇది. కుళాయి కింద యాంగిల్ కాక్ (గోడ నుంచి పైపు బయటికొచ్చే చోట ఉండే చిన్న వాల్వు) ఉంటే దాన్ని కట్టండి. లేకపోతే ఆ బాత్రూంకు వచ్చే కన్సీల్డ్ వాల్వు (గోడలో దాగి, పిడి మాత్రం బయటికి కనిపించేది), అదీ లేకపోతే మీ ఇంటికి విడిగా ఉన్న వాల్వు. తర్వాత కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయండి. సింకు రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టండి, చిన్న స్క్రూ అందులో పడితే మళ్లీ దొరకదు. హ్యాండిల్ మీది రంగు బిళ్లను సన్నటి స్క్రూడ్రైవర్‌తో లేపి, స్క్రూ విప్పి, హ్యాండిల్ లాగండి. లోపలి ఇత్తడి ముక్కను స్పానర్‌తో విప్పండి. దాన్నే స్పిండిల్ అంటారు. కొత్తది కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. ఫోటో చాలదు. హ్యాండిల్ కూర్చునే చోట పళ్లుంటాయి, వాటి సంఖ్య కంపెనీని బట్టి మారుతుంది. ఒక్క పన్ను తేడా ఉన్నా హ్యాండిల్ కూర్చోదు.

అసలు జాగ్రత్త మొత్తం కుళాయి మార్చేటప్పుడు కావాలి. మర చివర మీ వైపు ఉండేలా కుళాయిని పట్టుకుని, టెఫ్లాన్ టేపును (కారకుండా మరకు చుట్టే సన్నటి తెల్ల టేపు) గడియారం ముల్లు తిరిగే దిక్కుగా 10-12 చుట్లు బిగువుగా చుట్టండి. మొదటి మర ఖాళీగా వదలండి, లేకపోతే టేపు ముక్క నీళ్లలో కొట్టుకుపోయి కుళాయి జాలీలో ఇరుక్కుంటుంది. కుళాయి బిగిస్తూ ముక్కు కిందికి రావాల్సిన చోటు దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయకండి. టేపు చిరిగి కారుతుంది. మొత్తం విప్పి, కొత్త టేపుతో మళ్లీ మొదలు.

ఇంకో ప్రమాదం. గోడలో ఉన్నది సీపీవీసీ ప్లాస్టిక్ ఎల్బో (పైపు మలుపు ముక్క), అందులో ఇత్తడి మర కూర్చోబెట్టి ఉంటుంది. పెద్ద స్పానర్‌తో బలం చూపిస్తే లోపల ఎల్బో చిట్లుతుంది. నీళ్లు బయటికి రావు, గోడలోకి ఇంకుతాయి. కింది ఫ్లాటు సీలింగ్ మీద తేమ మచ్చ వచ్చేదాకా తెలియదు. అప్పుడు టైల్స్ పగలగొట్టాల్సిందే. చేత్తో బిగుసుకున్నాక స్పానర్‌తో ఇంకో చుట్టు, మహా అయితే చుట్టున్నర. అంతకన్నా కావాల్సి వస్తే టేపు తక్కువైందని అర్థం.

ఫ్లష్ ట్యాంకు కారుతోందో లేదో చూడ్డానికి ట్యాంకులో నాలుగు చుక్కల నీలిమందు వేసి 20 నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఉంచండి. కమోడ్‌లోకి నీలం దిగితే ట్యాంకు కారుతోంది. నీటిమట్టం ఓవర్‌ఫ్లో గొట్టం నోటికి కిందే ఉంటే అడుగున రబ్బరు సీలు పోయినట్టు. మట్టం ఆ గొట్టం నోటి దాకా ఉండి సన్నటి చప్పుడు వస్తుంటే ఫ్లోటు పైకి ఉండి నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలో పడుతున్నాయి. ఫ్లోటు స్క్రూ తిప్పి నీటిమట్టం ఆ గొట్టం నోటికి 2-3 సెం.మీ. కిందికి దించండి.

పాలమూరు_పిల్లలతల్లి:
బోరు నీళ్లకు షవర్ రంధ్రాలు తెల్లగా మూసుకుపోతున్నాయి. యాసిడ్ పోయొచ్చా? ఇంట్లో బ్లీచింగ్ పౌడర్ కూడా ఉంది.

కుళాయి_మర:
రెండింటినీ దగ్గర పెట్టకండి, ఎప్పుడూ కలపకండి. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నేలకు దగ్గరగా ఉండే పిల్లలకు ఇంకా ప్రమాదం. బోరునీటి సున్నం పొరకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. గ్లాసు వేడినీళ్లకు రెండు చెంచాలు కలిపి, పాలిథిన్ కవర్లో పోసి, షవర్ తల అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టండి. అరగంట తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.

ఓరుగల్లు_గోడ:
నేనైతే నీళ్లకంటే ముందు బీరువా గురించి చెప్త. నీళ్లు కారితె ఇల్లు తడుస్తది, బీరువా మీద పడితె పిల్లలు దక్కరు. కింద సొరుగు లాగి మెట్టు లెక్క ఎక్కుతరు పిల్లలు. బరువంత ముందుకొచ్చి మొత్తం బోర్లా పడతది. టీవీ కూడ అంతే. గోడకు బిగించుడు నేర్చుకోండ్రి.

ముందు గోడ ఏందో తెలుసుకోవాలె. రంధ్రం చేసేటప్పుడు రాలే పొడి చూడుండ్రి. మొదలు 15-20 మి.మీ. దాక సిమెంటు ప్లాస్టరు బూడిద పొడే వస్తది, అది లెక్కల తీసుకోవద్దు. దాని తర్వాత ఎర్ర పొడి వస్తె మట్టి ఇటుక, మంచిగ పడతది. బూడిద రంగుల గట్టిగ వస్తె ఫ్లై యాష్ ఇటుకనో సిమెంటు బ్లాకో. తెల్లగ మెత్తగ పిండి లెక్క వచ్చి డ్రిల్లు బిట్టు సులువుగ దూసుకపోతె అది ఏఏసీ బ్లాకు (లోపట గాలి బుడగలున్న తేలిక సిమెంటు బ్లాకు), కొత్త అపార్ట్‌మెంట్లల్ల ఎక్కువ అదే. బిట్టు అస్సలు కదలకపోతె పిల్లరో బీమో. ఇనుము తాకితె బలం పెట్టొద్దు, 3-4 సెం.మీ. పక్కకు జరుగుండ్రి.

మట్టి ఇటుకకు 8 మి.మీ. బిట్టు, 8 మి.మీ. ప్లగ్గు (కరెంటుది కాదు, స్క్రూ పట్టడానికి రంధ్రంల కొట్టే ప్లాస్టిక్ గొట్టం), 5 మి.మీ. లావు 60 మి.మీ. పొడవు స్క్రూ. రంధ్రం లోతు ప్లగ్గు కంటె 10 మి.మీ. ఎక్కువ ఉండాలె, బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండ్రి. ప్లగ్గు ప్లాస్టరు దాటి ఇటుకలకు పోవాలె. పైపైన ప్లాస్టర్ల ఉంటె లాగినప్పుడు పెచ్చుతోని సహ ఊడొస్తది. పొడి అంత ఊది తీసినంకనే ప్లగ్గు కొట్టుండ్రి, ఊదేటప్పుడు కండ్లు మూసుకోండ్రి.

చిన్నింటి_పని:
మాది ఏఏసీ బ్లాకే అనుకుంటా. 6 మి.మీ. ప్లగ్గు పెడితే వేలితో లాగినా వస్తోంది.

ఓరుగల్లు_గోడ:
డ్రిల్లు హ్యామర్ మోడ్‌ల (కొట్టుకుంట తిప్పే తీరు) పెట్టి కొట్టిన్రేమో. ఏఏసీకి హ్యామర్ ఆపి ఉత్త తిప్పుడే ఉండాలె. హ్యామర్ పెడితె రంధ్రం లోపట పగిలి వెడల్పయితది. చిన్న ప్లగ్గు కూడ పనికిరాదు. 10 మి.మీ. లావు, 80 మి.మీ.కు తగ్గని పొడవు నైలాన్ ప్లగ్గు తెచ్చుకోండ్రి. పాత రంధ్రం వదిలి 10 సెం.మీ. దూరంల కొత్తది చేయండ్రి.

బీరువా ఇనుపదైతె రెండు ఎల్ పట్టీలు పైన రెండు కొసలకు నట్టు బోల్టుతోని బిగించి గోడకు పట్టించాలె. చెక్క వార్డ్‌రోబ్ అయితె వెనక ఉండే సన్నటి ప్లైవుడ్‌కు బిగించొద్దు, అది చిరుగుతది. పైన ఉండే మందపు చట్రానికి బిగించాలె. అయినంక చేత్తోని పై అంచు పట్టి ముందుకు గట్టిగ లాగి చూడుండ్రి. కొంచెం కదిలినా మళ్ల చేయాలె.

తీగె_తోరణం:
ఓరుగల్లు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, నేరుగా కింద, అదే ఎత్తులో అడ్డంగా డ్రిల్లు పెట్టకండి. వైరు పైపులు ఆ దారుల్లోనే వెళ్తాయి. అటూ ఇటూ 15 సెం.మీ. వదలండి. బాత్రూం గోడల్లో కుళాయికీ షవర్‌కీ మధ్య అసలు ముట్టుకోవద్దు.

వంటిల్లు_భద్రం:
గ్యాస్ దగ్గర మీరు చేయాల్సినవి రెండే, తనిఖీ, ఆపడం. నారింజ రంగు సురక్షా ట్యూబును 5 ఏళ్లకోసారి మార్చాలి. సంవత్సరం ట్యూబు మీదే ముద్రించి ఉంటుంది. ట్యూబును గ్రానైట్ కింద కనపడకుండా దాచితే ఎలుక కొరికినా, పగిలినా తెలియదు. సబ్బు నీళ్లు చిక్కగా కలిపి రెగ్యులేటర్ దగ్గర, ట్యూబు రెండు చివర్లా బ్రష్‌తో రాయండి. బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూసే అలవాటు ఎవరికున్నా ఈరోజే మాన్పించండి.

వాసన వస్తే స్టవ్ నాబ్‌లు, రెగ్యులేటర్ కట్టి, రెగ్యులేటర్‌ను సిలిండర్ మీంచి తీసి క్యాప్ పెట్టి, తలుపులు తెరిచి పిల్లలతో బయటికి రండి. ఫ్యాన్ వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆపొద్దు. స్విచ్ వేసినా ఆపినా నిప్పురవ్వ పుడుతుంది. గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి నేల మీదే పేరుకుంటుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని లాగలేదు. బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి, ఎల్పీజీ లీకు కోసమే ఉన్న నంబరు. నాబ్ విప్పి గ్రీజు పూయడం, రెగ్యులేటర్ లోపలి భాగాలు విప్పడం మన పనులు కావు.

బాడిస_ఉలి:
తలుపుల గురించి ఎవరూ చెప్పలేదు. బందు స్క్రూ ఊరికే తిరుగుతూ బిగియకపోతే కొయ్యలో రంధ్రం పెద్దదైంది. వెదురు పుల్లలు సన్నగా చీల్చి, ఫెవికాల్‌లో ముంచి, రంధ్రం నిండా దట్టంగా కొట్టండి. రాత్రంతా ఆరనివ్వండి. ఉదయం అంచుకు సమంగా కోసేసి, మధ్యలో 2.5 మి.మీ. బిట్టుతో చిన్న దారి చేసి, అదే స్క్రూ బిగించండి. ఆరకుండా బిగిస్తే పుల్లలు స్క్రూతో పాటే తిరుగుతాయి. తలుపు బరువు బందు మీద పడకుండా కింద చెక్క పలక చీల దూర్చి ఎత్తి పెట్టుకోవడం మరవకండి.

వానాకాలంలో తలుపు గుమ్మానికి పట్టేస్తోందని వెంటనే రందా (చెక్కను చెక్కే పనిముట్టు) పట్టకండి. చలికాలం వచ్చేసరికి ఆరి సందు పడుతుంది. ముందు పై బందు స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. తలుపు కిందికి వాలి పట్టేయడమే ఎక్కువ. పట్టే చోటు తెలియాలంటే అంచుకు పిల్లల క్రేయాన్ రాసి ఒకసారి మూసి చూడండి, గుమ్మం మీద గుర్తు పడుతుంది. అక్కడ మాత్రం ఉప్పు కాగితంతో రుద్దండి.

రెండేళ్ల పాప ఉన్న ఇంట్లో బాత్రూం గడియ ఈ వారమే 5 అడుగుల ఎత్తుకు మార్చండి. లోపలి నుంచి గడియ పెట్టుకుని తీయడం రాని వయసు. నీళ్ల బకెట్ కూడా లోపలే ఉంటుంది, ఆ వయసు పిల్లలకు జానెడు నీళ్లు కూడా ప్రాణం మీదికి తెస్తాయి.

చిన్నింటి_పని:
అందరికీ కృతజ్ఞతలు. కొనాల్సినవి ఇలా రాసుకున్నాను: టెస్టర్, పిడికి ప్లాస్టిక్ తొడుగున్న స్క్రూడ్రైవర్లు రెండు (చదును, స్టార్), కటింగ్ ప్లేయర్, 10 అంగుళాల స్క్రూ స్పానర్, టెఫ్లాన్ టేపు, ఇన్సులేషన్ టేపు, కొలత టేపు. డ్రిల్లు పక్క ఫ్లాటువాళ్లను అడుగుతాను. ఫ్యాన్ నెమ్మదిగా తిరగడం కూడా మనం చూసుకోవచ్చా? ఇంకో సంగతి, మా బాత్రూం తలుపు పీవీసీది. గడియ పైకి మార్చబోతే స్క్రూ ఒక చుట్టుకే జారిపోతోంది.

తీగె_తోరణం:
ఫ్యాన్ అన్ని నంబర్ల మీదా ఒకేలా నెమ్మదించి, చేత్తో తోస్తే తిరుగుతుంటే చాలాసార్లు కెపాసిటర్ (మోటారు తిరగడానికి సాయపడే, రెండు తీగలున్న చిన్న డబ్బా) పోయి ఉంటుంది. ఎక్కువ సీలింగ్ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టులది. పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే తేవాలి. పెద్దది వేస్తే వేగం పెరుగుతుందనుకుంటారు, మోటారు లోపలి తీగచుట్ట (వైండింగ్) వేడెక్కి కాలుతుంది. మెయిన్, ఇన్వర్టర్ ఆపి, రెక్కలు ఆగాక పై కప్పు దించండి. పాత కెపాసిటర్ రెండు తీగల చివర్లను పిడి పట్టుకుని స్క్రూడ్రైవర్‌తో ఒకసారి తాకించండి, అందులో మిగిలిన ఛార్జి పోతుంది. ఏ వైరుకు ఏది కలిసి ఉందో ఫోటో తీశాకే విప్పండి. నిచ్చెన పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి, పిల్లలు పక్క గదిలో ఉండాలి. బీఎల్‌డీసీ ఫ్యాన్ (కరెంటు తక్కువ తీసుకునే ఎలక్ట్రానిక్ మోటారు రకం) అయితే పైన ఇలాంటి కెపాసిటర్ ఉండదు, దాన్ని విప్పకండి.

బాడిస_ఉలి:
పీవీసీ తలుపు లోపల బోలుగా ఉంటుంది, స్క్రూకు పట్టు దొరకదు. ఇవతలి నుంచి అవతలికి దూసుకెళ్లే బోల్టు వేయాలి. తలుపు మందం కొలవండి, సాధారణంగా 25-30 మి.మీ. దానికి గడియ మందం, నట్టు కోసం ఇంకో 5 మి.మీ. కలిపి 4 మి.మీ. లావు స్టీలు బోల్టులు తెచ్చుకోండి. గడియ పెట్టి గుర్తు వేసుకుని, 4.5 మి.మీ. బిట్టుతో హ్యామర్ లేకుండా నెమ్మదిగా అవతలికి రంధ్రం చేయండి. అవతలి వైపు చెక్క ముక్క నొక్కి పట్టుకుంటే పీవీసీ చిట్లదు. బోల్టు తల లోపలి వైపు, గుండ్రటి తల నట్టు బయటి వైపు రావాలి. నట్టు కింద వెడల్పు వాషర్ వేయండి. తలుపు లోపలికి నొక్కుకుపోయేంత బిగించొద్దు, వాషర్ చేత్తో తిరగనంత వరకే. నట్లు బయట ఉంటే ఎప్పుడైనా పాప లోపల చిక్కుకున్నా 7 మి.మీ. స్పానర్‌తో విప్పి గడియను బయటి నుంచే ఊడదీయొచ్చు. ఆ స్పానర్‌ను బాత్రూం బయట, పాపకు అందని ఎత్తులో మేకుకు వేలాడదీయండి.